తర్వాత వచ్చే చెయ్యి

లారీకి ఛాసీ ఉంటుంది. రెండు పొడవాటి ఇనప దూలాలు, వాటి మీద ఇంజను, వాటి మీదే గేరుబాక్సు, వాటి మీదే బాడీ. గేరుబాక్సు చెడితే కిందికి దించుతారు, బాగుచేసి మళ్ళీ ఎక్కిస్తారు. అంతసేపూ లారీ తన ఆకారంలో తాను నిలబడే ఉంటుంది. మన పాత ట్రాక్టర్లకు ఆ దూలాలు లేవు. ముందు ఇంజను, దాని వెనక గేరుబాక్సు, దాని వెనక హైడ్రాలిక్కూ డిఫరెన్షియలూ ఇమిడిన హౌసింగు. పోత ఇనుముతో చేసిన ఈ మూడింటినీ ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే వచ్చిందే ట్రాక్టరు. బలాన్ని చక్రాల దాకా మోసుకెళ్ళేదీ ఆ పోతే, బరువంతా మోసేదీ ఆ పోతే. అందుకని గేరుబాక్సు మార్చాలంటే ట్రాక్టరును రెండుచోట్ల విడగొట్టాలి. ముందు చక్రాలతో ఇంజను ఒక ముక్క, వెనక చక్రాలతో హౌసింగు ఇంకో ముక్క, నడుమ మనిషి నిలబడేంత ఖాళీ.

సొంత ట్రాక్టరును అలా చూసిన రైతుకు మొదట కడుపులో తిప్పినట్టవుతుంది. నాకూ అయింది. కానీ ఆ పని పూర్తయ్యేదాకా షెడ్డులో కూర్చుని చూశాక మిగిలింది గౌరవం. ఈ యంత్రాన్ని కాగితం మీద గీసినవాళ్ళు ఇది ఎప్పుడో ఒకప్పుడు విడిపోవలసి వస్తుందని అప్పుడే అనుకున్నారు. ఎక్కడ విడదీయాలో అక్కడే అతుకు పెట్టారు. పానా తిరిగేంత జాగా వదిలారు. తామెన్నడూ చూడబోని ఊళ్ళో, తమకు తెలియని భాష మాట్లాడే మనిషి చెయ్యి ఏ నలభై ఏళ్ళకో అక్కడికి వస్తుందని ఎరిగి, ఆ చేతికి దారి ఉంచారు. వస్తువులు చేసేవాళ్ళు వాడేవాళ్ళకు చేయగలిగిన మర్యాద ఇది. ఈ మర్యాద గురించే నాకు చెప్పాలని ఉంది.

మాది తెనాలి వైపు మాగాణి. కాలవ నీళ్ళ మీద వరి, ఆ వరి కోయకముందే అందులో చల్లే మినుము. మా నాన్నగారు 1982లో కొన్న మాస్సీ ఫెర్గుసన్ 1035 ఇప్పటికీ పొలంలోకి దిగుతుంది. మూడు సిలిండర్ల డీజిలు ఇంజను, ముప్పై అయిదు గుర్రాల చిల్లర బలం. ఇంజనుకు ఏమీ కాలేదు. దెబ్బ తిన్నది గేరుబాక్సు. దాన్ని తిన్నది మా నేలే.

డెల్టాలో ట్రాక్టరుకు అసలు పరీక్ష దమ్ము. కాలవలకు నీళ్ళొదిలాక, ఇనప దమ్ము చక్రాలు బిగించి, మోకాలి లోతు బురదలో గంటలకొద్దీ తిప్పుతాం. వెనక ఇరుసు సగం నీళ్ళలోనే ఉంటుంది. లోపల ఆయిలు కాగి ఉంటుంది, బయట చల్లటి కాలవ నీళ్ళు. ఇంజను ఆపి బండిని మడిలో వదిలేస్తే హౌసింగు చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, అరిగిన సీలు అంచున బురదనీటిని కొంచెం కొంచెం లోపలికి పీల్చుకుంటుంది. ఈ ట్రాక్టరులో గేరుబాక్సుకూ డిఫరెన్షియలుకూ హైడ్రాలిక్కుకూ ఒకే ఆయిలు, దాదాపు 30 లీటర్లు. ఒకచోట చేరిన నీళ్ళు అన్నిచోట్లకూ చేరతాయి. కింద బిరడా విప్పితే ఆయిలు చిక్కటి పాలటీలా కారింది. అలాంటి ఆయిలు పళ్ళ నడుమ పొరగా నిలవదు. బండి పని లేకుండా పడి ఉన్న నెలల్లో బేరింగుల మీద తుప్పు చుక్కలు పెడుతుంది. ఆ చుక్కలే తర్వాత గుంటలవుతాయి. గుంటలు పడ్డ బేరింగు ఊగుతుంది. అది ఊగితే షాఫ్టు పక్కకు జరుగుతుంది, షాఫ్టు జరిగితే గేరుపళ్ళు నిండుగా కలవవు.

గేరుబాక్సు జబ్బు ఒక్కరోజున బయటపడదు. మొదట లో గేరులో సన్నటి ఏడుపు వినిపించింది. తర్వాత బరువు మీద ఉన్నప్పుడు రెండో గేరు తనంతట తానే న్యూట్రలులోకి తన్నేయడం మొదలైంది. మా డ్రైవరు లివరును మోకాలితో నొక్కిపట్టి దున్నేవాడు. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పాత ట్రాక్టరు తోలిన చాలామంది మోకాలికి ఆ లివరు గుండు గుర్తుండే ఉంటుంది. అలా నొక్కిపట్టి ఎంత తోలితే లోపల గేరును జరిపే ఫోర్కు అంత అరుగుతుంది. ఫోర్కు అరిగినకొద్దీ గేరు ఇంకా తన్నుతుంది.

ఈ పెట్టె చేసే పనిని తలుచుకుంటే నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోంది. పొలంలో బండి గంటకు 4 కిలోమీటర్ల నడకలో ఉంది. అప్పుడు వెనక చక్రం నిమిషానికి తిరిగేది 17, 18 చుట్లే. అంటే ఇంజనులో నూటికి పైగా చుట్లు కూడితే నేల మీద ఒక్క చుట్టు. వేగం ఎన్ని రెట్లు తగ్గిందో, రాపిడికి పోయింది పోను, తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. ఇందులో కొంత పని వెనక ఉన్న క్రౌన్ పినియనుది. మిగిలింది గేరుబాక్సుది. మాస్సీలో ఆ పనిని రెండు అంచెలుగా చేస్తారు. ముందు భాగంలో మూడు గేర్లు, ఒక రివర్సు. వెనక భాగంలో హై, లో. లోలో వేస్తే అదే గేరు నాలుగో వంతు వేగంతో నడుస్తుంది. అలా మూడు ఆరవుతాయి, ఒక రివర్సు రెండవుతుంది. ఈ హై-లో భాగంలో నడుమ ఒక గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం. ఇంజనీర్లు నడుమదాన్ని సూర్యుడనీ చుట్టూ తిరిగేవాటిని గ్రహాలనీ అంటారు. రెండు అరచేతుల్లో పట్టే ఆ కూర్పు మొత్తం ట్రాక్టరు నడకను నాలుగోవంతుకు దించుతుంది.

ఒంగోలు గిత్తల జత దున్నేటప్పుడు గంటకు రెండున్నర, మూడు కిలోమీటర్లు నడిచేది. లో రెండో గేరులో మా మాస్సీ నడక దానికంటే రవ్వంతే ఎక్కువ. ముప్పై అయిదు గుర్రాల బలం తెచ్చుకుని కూడా మనం నడిచేది ఎద్దుల నడకే. ఎందుకంటే ఆ వేగాన్ని నిర్ణయించేది నేల. మట్టి విరగాలి, తిరగబడాలి, వేరు తెగాలి. దానికి పట్టే సమయం దానిది. ఇంజను ఎంత తొందరపడినా ఆ తొందరను నేలకు నచ్చే నిదానంగా మార్చేది ఈ ఇనపపెట్టె. శబ్దమంతా ఇంజనుది, పొగ ఇంజనుది, కొనేటప్పుడు అందరూ అడిగే హెచ్‌పీ కూడా ఇంజనుదే. గేరుబాక్సును మాత్రం ఆ ఏడుపు మొదలయ్యేదాకా ఎవరూ తలుచుకోరు.

చుట్టాలందరూ కొత్తది కొనమన్నారు. పాతదాన్ని పాత ఇనుముకు అమ్మేసి, పై డబ్బులు వాయిదాల్లో కట్టుకోమన్నారు. వాళ్ళ లెక్క తప్పని అనను. కానీ మా సాగు చిన్నది. ఈ బండి ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. దానికోసం ఏళ్ళ తరబడి వాయిదా కట్టడం నాకు సబబుగా తోచలేదు. పైగా ఇంజను బాగుంది, హైడ్రాలిక్కు లేపుతోంది, క్రౌన్ పినియను గట్టిగా ఉంది. నడుమ ఒక్క పెట్టె పోయింది. ఒక్క పెట్టె కోసం మిగతాదంతా తూకానికి వేయడం నాకు దుబారా కంటే పెద్ద తప్పుగా అనిపిస్తుంది. మనుషులు తవ్వి, కరిగించి, పోతపోసి, చెక్కి తెచ్చిన ఇనుము అది. ఇంకా పనిచేస్తానంటోంది.

"విడగొట్టాల్సిందేనండీ. పైన మూత తీసి చూసి చెప్పేది కాదిది" అన్నాడు మేస్త్రి. ఆయన మా నాన్నగారి కాలం నుంచి మాస్సీలు విప్పుతున్న మనిషి. సైజులు ఆయన నోట ఇంకా అంగుళాల్లోనే వస్తాయి. నైన్ సిక్స్‌టీన్ పానా అందుకోరా అంటే కుర్రాడు చూడకుండా తీసిస్తాడు. కొత్త బళ్ళకు వాడే మిల్లీమీటరు పానాలు వేరే పెట్టెలో ఉంటాయి.

విడగొట్టడంలో మొట్టమొదటి పని బోల్టు విప్పడం కాదని ఆ రోజే తెలిసింది. ముందు ఇరుసుకు రెండువైపులా, ఇరుసుకూ దాని పైనున్న పోతకూ నడుమ, కోసుగా చెక్కిన చెక్కముక్కలు బిగించి కొట్టారు. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది. గట్టు ఎక్కినా గోతిలో దిగినా నాలుగు చక్రాలూ నేలను వదలకుండా ఉండేది ఆ ఊగుడు వల్లనే. బండి ఒక్కటిగా ఉన్నంతకాలం వెనక భాగం ఇంజనును నిలబెడుతుంది. విడగొట్టగానే ఆ ఆసరా పోతుంది. చెక్కలు లేకపోతే ఇంజను ఆ పిన్ను మీదే పక్కకు ఒరిగి పడుతుంది. ఇలాంటి చోట్ల కాళ్ళు నలిగినవాళ్ళున్నారు. తొందరగా పని తేల్చే షెడ్డులో ఈ చెక్కలు కొట్టకుండానే మొదలుపెడితే అక్కడ నా బండి పెట్టను. పనితనం నాకు అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత బ్యాటరీ తీగలు, డీజిలు పైపులు, యాక్సిలరేటరు కడ్డీ, స్టీరింగు లింకులు, ఫుట్‌రెస్టులు. విప్పిన బోల్టులు ఏ చోటివి ఆ చోటివిగా వేర్వేరు డబ్బాల్లో. ఇంజను కింద జాకీ, గేరుబాక్సు కింద చక్రాల స్టాండు, పైన చైన్ బ్లాకు. చుట్టూ బోల్టులన్నీ తీశాక ఇంజను ముక్కను ముందు చక్రాల మీద మెల్లగా ముందుకు దొర్లించారు. నలభై ఏళ్ళుగా చీకట్లో ఉన్న క్లచ్ ప్లేటు వెలుగులోకి వచ్చింది. ఆ తర్వాత వెనక అతుకు.

నలభై ఏళ్ళు అన్నాను గానీ, అది నిజం కాదని వెంటనే తేలింది. గేరుబాక్సు మూత తీసి కడిగితే ఫోర్కుల మీద పంచ్‌తో కొట్టిన చుక్కలు కనిపించాయి. ఒకదాని మీద ఒక చుక్క, రెండోదాని మీద రెండు. హై-లో వలయం అంచున ఒక గీటు, దానికి ఎదురుగా హౌసింగు మీద ఇంకో గీటు. మూత కింద ప్యాకింగు కంపెనీది కాదు, ఏదో దళసరి కాగితాన్ని సుత్తితో అంచులెమ్మట కొట్టి కోసుకున్నది. అంటే ఎవరో ఇంతకుముందు ఇక్కడిదాకా వచ్చారు. నాన్నగారు ఉన్న రోజుల్లో ఎప్పుడో అయి ఉండాలి. ఆయన ఇప్పుడు లేరు, అడిగి తెలుసుకునే వీలు లేదు. మేస్త్రి ఆ చుక్కల మీద వేలు పెట్టి, "తెలిసినోడే విప్పాడు" అన్నాడు. అంతకంటే ఎక్కువ ఏమీ అనలేదు. ఫోర్కు తారుమారైతే ఎంత ఇబ్బందో తెలిసిన మనిషి, తనకు గుర్తుండదేమోననో, తాను కాక ఇంకెవరైనా విప్పుతారేమోననో, నిమిషం ఆగి ఆ చుక్కలు కొట్టాడు. ఆ నిమిషం ఇప్పుడు మాకు పనికొచ్చింది.

గేర్లను డీజిల్లో కడిగి ఆరబెట్టాక ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాను. గేరుపన్ను పైపైన మాత్రమే గట్టిది. ఉక్కుకు కార్బను పట్టించి, కాల్చి చల్లార్చి, దాదాపు మిల్లీమీటరు మందాన గట్టి పొర తెస్తారు. లోపల మెత్తటి ఉక్కే ఉంటుంది, దెబ్బకు పగలకుండా. ఆ పైపొర ఒకచోట లేచిపోయిందంటే ఆ పన్ను ఎక్కువ కాలం ఉండదు. మా రెండో గేరు పళ్ళ అంచులు గుండ్రమయ్యాయి, రెండు పళ్ళ మీద పొర రేకులుగా లేచింది. ఈ బాక్సులో గేర్లు జరిగి కలుస్తాయి. కార్లలో ఉన్నట్టు వేగాలను సమం చేసే ఏర్పాటు లేదు. బండి ఆపకుండా గేరు వేసినప్పుడల్లా పళ్ళ కొసలు ఒకదాన్నొకటి కొరుకుతాయి. నలభై ఏళ్ళలో ఎంతమంది డ్రైవర్లు ఎంత తొందరపడ్డారో ఆ అంచులు చూస్తే తెలుస్తుంది.

పన్ను పక్క వంపును చూడటం నాకు ఇంకా ఇష్టం. ఒక స్తంభానికి గట్టిగా చుట్టిన దారాన్ని బిగువు సడలనీయకుండా విప్పుతూ పోతే దారపు కొస గాలిలో ఒక వంపు గీస్తుంది. గేరుపన్ను పక్క వంపు అదే. ఈ వంపు గేర్లకు తగినదని 18వ శతాబ్దంలో చెప్పినవాడు స్విట్జర్లాండులో పుట్టిన గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్. దీని గొప్ప ఏమిటంటే, రెండు షాఫ్టులూ ఉండాల్సిన దూరంకంటే రవ్వంత ఎడమైనా గేర్ల వేగాల నిష్పత్తి మారదు. బేరింగు అరిగినా, హౌసింగు చెక్కడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా, తిరుగుడు ఒకే తీరున సాగుతుంది. శబ్దం పెరుగుతుంది, అరుగుదల పెరుగుతుంది, పని మాత్రం ఆగదు. మా బండి పాలరంగు ఆయిలుతోనూ ఊగే బేరింగులతోనూ అన్నాళ్ళు దమ్ము చేయగలిగిందంటే ఆ వంపు పుణ్యమే. తప్పు జరగదని నమ్మి గీసిన గీత కాదది. జరుగుతుందని తెలిసి గీసినది.

ఇంకో సంగతి. జతగేర్ల పళ్ళ లెక్కలను చాలాచోట్ల ఉమ్మడి కారణాంకం లేకుండా ఎంచుకుంటారు. 13 పళ్ళ గేరు 40 పళ్ళ గేరుతో తిరుగుతోందనుకోండి. చిన్నదాంట్లో ఒక పన్ను, పెద్దదాంట్లోని నలభై పళ్ళనూ కలిశాకే మొదట కలిసినదాని దగ్గరికి తిరిగి వస్తుంది. ఒక పంటికి లోపముంటే ఆ దెబ్బ ఎప్పుడూ ఒకే పంటి మీద పడదు, అన్నిటికీ పంచబడుతుంది. అలా కలిసి తిరిగి, కలిసి అరిగిన రెండు గేర్లు ఒకదానికొకటి సరిపడి ఉంటాయి. అందుకే మేస్త్రులు ఒక గేరు మార్చాల్సి వస్తే జతను మారుస్తారు. అరిగినదానికి కొత్తదాన్ని జతచేస్తే అరుస్తుంది. మా బాక్సులో మార్చాల్సినవి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోతే, ఆఖరికి ఇన్‌పుట్ షాఫ్టు కూర్చునే చోట హౌసింగు కూడా అరిగి వదులైందని తేలింది. బాక్సునే మార్చడం మేలన్నాడు మేస్త్రి.

అందుకని విజయవాడ ఆటోనగర్. అక్కడ పాత విడిభాగాల వీధుల్లో నడవడం నాకు పుస్తకాల సంతలో నడిచినట్టే ఇష్టంగా ఉంటుంది. ఒక దుకాణం ముందు మాస్సీ గేరుబాక్సులు వరసగా పేర్చి ఉన్నాయి. పైకి అన్నీ ఒకటే. లోపల తేడాలుంటాయి. ఒకే క్లచ్ ఉన్న బండి బాక్సు వేరు, వెనక పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టుకు విడిగా క్లచ్ ఉన్న బండి బాక్సు వేరు. ఇన్‌పుట్ షాఫ్టు చూస్తే గానీ తెలియదు. మేస్త్రి మా పాత క్లచ్ ప్లేటునే సంచీలో వేసుకొచ్చాడు. ప్రతి షాఫ్టు మీదికీ దాన్ని తొడిగి చూశాడు. పట్టినవాటిలోనుంచి మూడు మూతలు తీయించాడు, చేత్తో షాఫ్టు తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకున్నాడు, పళ్ళ మీద గోరు గీశాడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ బాక్సు వద్దన్నట్టే. చివరికి ఒకటి కుదిరింది. ఏ ఊరి బండిదో, ఎందుకు విప్పారో తెలియదు. దానికి బేరింగులూ సీళ్ళూ ఫోర్కు స్ప్రింగులూ మాత్రం కొత్తవే కొన్నాం.

నలభై ఏళ్ళనాటి బండికి అప్పటికప్పుడు ఇవన్నీ దొరకడం వెనక ఒక పొడవాటి వరస ఉంది. దూలాలు లేకుండా ఇంజనునూ గేరుబాక్సునూ ఇరుసు హౌసింగునూ కలిపి బిగించే పద్ధతిని లక్షల సంఖ్యలో అమ్మే బండిగా తెచ్చింది హెన్రీ ఫోర్డ్, 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరుతో. ఆయన చూసుకున్నది ఇనుము ఆదా, ధర తగ్గింపు. విప్పేవాడి సౌకర్యం ఆయన మనసులో ఎంతవరకు ఉందో చెప్పలేను. హ్యారీ ఫెర్గుసన్ సంగతి వేరు. 1884లో ఐర్లండులోని డౌన్ కౌంటీలో రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. పొలంలో పనిముట్టునూ బండినీ ఒక్కటిగా ఆలోచించినవాడు. ఇవాళ మన ట్రాక్టర్లన్నిటి వెనకా గొర్రు తగిలించే మూడు కొక్కేల ఏర్పాటు ఆయన చలవే. 1946 నుంచి ఇంగ్లండులోని కొవెంట్రీలో తయారైన ఆయన చిన్న బూడిదరంగు ట్రాక్టరు టీఈ20 పదేళ్ళలో అయిదు లక్షలకు పైగా అమ్ముడైంది. బండితోపాటు ఇచ్చే పానా మీద కొలత గీతలుండేవి. చాలు వెడల్పూ లోతూ దానితోనే కొలుచుకోవచ్చు. రైతు తరచూ సర్దుకోవలసిన బోల్టులు చాలావరకు ఆ పానాతోనే తిరిగేవి. ఒక యంత్రంతో పాటు దాన్ని విప్పే అధికారాన్ని కూడా చేతిలో పెట్టడమంటే అదీ. ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది ఆ ఫెర్గుసన్ ట్రాక్టర్ల మీదే, చక్రాలకు పట్టాలు తొడిగి. ఆ మంచులో ఏం విరిగినా విప్పి బిగించుకోవలసింది వాళ్ళే కదా!

1953లో ఫెర్గుసన్ కంపెనీ మాస్సీ హ్యారిస్‌తో కలిసింది. 1956లో ఇంగ్లండులో 35 నమూనా వచ్చింది. మూడు గేర్లూ హై-లో ఉన్న బాక్సు దానిదే. 1960లో మద్రాసులో ట్రాక్టర్లు తయారుచేసే టాఫే కంపెనీ మాస్సీ ఫెర్గుసన్ సహకారంతో మొదలైంది. ఇంగ్లండులో 35 తయారీ ఆ దశాబ్దం నడుమే ఆగిపోయింది. ఇక్కడ దాని సంతానమైన 1035 మన పొలాల్లో దశాబ్దాలు తిరిగింది, కొత్తగా కొన్నవాళ్ళకు కూడా అదే కూర్పు దొరుకుతూ వచ్చింది. కొత్త మోడల్ తెచ్చినప్పుడల్లా కొలతలు మార్చేసి ఉంటే ఆటోనగర్‌లో మాకు ఆ బాక్సు దొరికేది కాదు. మార్చకపోవడం కూడా ఒక్కోసారి వాడేవాడికి చేసే మేలే.

ఇప్పటి యంత్రాల మీద నాకు కోపం లేదు. మన దేశంలో 2023 నుంచి 50 హెచ్‌పీకి పైబడిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి. డీజిలును కంప్యూటరు కొలిచి ఇచ్చే ఇంజన్లు వాటిలో వచ్చాయి. పొగ తగ్గడం మంచిదే, ఆ పొగ పీల్చేది ముందు మా డ్రైవర్లే. నా గొడవ కంప్యూటరుతో కాదు, తాళంతో. అమెరికాలో పెద్ద ట్రాక్టర్ల రైతులు తమ బండిలో ఏం చెడిందో తమకే తెలియకుండా కంపెనీలు సాఫ్ట్‌వేర్ తాళాలు వేస్తున్నాయని ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలను బాగుచేసుకునే హక్కుకు చట్టం చేసింది. తయారీదారులు విడిభాగాలూ పనిముట్లూ సమాచారమూ సొంతదారుకు ఇవ్వాలంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు మొదట ఎంచుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలున్నాయి. అది కాగితం దాటి మా షెడ్డుల దాకా రావాలి. ఎందుకంటే దమ్ము వారం రోజుల ముచ్చట. నీళ్ళు మడిలో ఉన్నప్పుడే దున్నాలి, నారు ముదరకముందే నాటాలి. ఎక్కడో పట్నం నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని ఒకరు వచ్చేదాకా బండి ఆగితే పంట ఆగదు, అదను పోతుంది. మా మేస్త్రికి కంప్యూటరు రాదనేవాళ్ళుంటారు. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడికి వస్తుంది. వాడికి ఆ తలుపు తెరిచి ఇవ్వాలి, అంతే.

కలపడం విడగొట్టినదానికంటే నిదానమైన పని. ముందు కొత్తగా తెచ్చిన బాక్సును వెనక హౌసింగుకు బిగించారు. ఇంజను వైపు క్లచ్ ప్లేటును డమ్మీ షాఫ్టుతో నడుమకు కుదిర్చారు. బోల్టు రంధ్రాల్లో రెండింటికి పొడవాటి స్టడ్లు బిగించారు, ఇంజను దారి తప్పకుండా వాటి వెంబడే జారడానికి. ఇంజనును వెనక్కి దొర్లించుకొస్తే నాలుగు వేళ్ళ ఎడం మిగిలి ఆగిపోయింది. షాఫ్టు గాళ్ళు క్లచ్ ప్లేటు గాళ్ళతో కుదరలేదు. బోల్టులు పెట్టి బిగిస్తే దగ్గరికి వచ్చేస్తుంది కదా అని కుర్రాడు పానా అందుకున్నాడు. మేస్త్రి చెయ్యి అడ్డుపెట్టాడు. అలా లాగితే క్లచ్ ప్లేటు నడుమ భాగం వంగుతుంది, లేదా హౌసింగు చెవి విరుగుతుంది. పోత ఇనుము వంగదు, విరుగుతుంది.

బండిని టాప్ గేరులో వేయించాడు. లేపి ఉంచిన వెనక చక్రాన్ని జానెడు తిప్పమన్నాడు. ఇంజను నుంచి చక్రానికి వచ్చేటప్పుడు తగ్గిన వేగం, చక్రం నుంచి వెనక్కి వెళ్ళేటప్పుడు అన్ని రెట్లూ పెరుగుతుంది. చక్రం జానెడు కదిలితే ముందున్న షాఫ్టు గిర్రున తిరిగింది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ రెండుసార్లు తిప్పించేసరికి గాళ్ళు కుదిరాయి, ఇంజను ఏ బలవంతమూ లేకుండా వచ్చి అతుక్కుంది. అతుకు చుట్టూ వేలితో తడిమి చూశాకే బోల్టులు పెట్టనిచ్చాడు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చారు. ఇరుసు సీళ్ళు రెండూ కొత్తవి వేశారు. లేకపోతే వచ్చే దమ్ముకు ఈ బాక్సుకూ అదే గతి. కొత్త ఆయిలు పోసి, కాసేపు నడిపి, కొంచెం ఆయిలు గాజు సీసాలో పట్టి పక్కన పెట్టమన్నాడు. తెల్లారి చూస్తే అడుగున నీళ్ళు దిగలేదు.

మా పాత బాక్సును ఆయన పాత ఇనుముకు వేయనివ్వలేదు. హౌసింగూ బేరింగులూ రెండో గేరు జతా తప్ప చాలా భాగాలు బాగానే ఉన్నాయి. మూత, లివర్లు, రివర్సు షాఫ్టు తుడిచి అరలో పెట్టాడు. హై-లో కూర్పు కోసం వారం తిరక్కుండానే వేమూరు వైపునుంచి ఒక రైతు వచ్చాడు. ఆయనకు కావలసింది నడుమ గేరు ఒక్కటే. మేస్త్రి ఇవ్వనన్నాడు. "ఒక్కటి తీసుకెళ్తే అరుస్తుందండీ. కలిసి అరిగినయ్, కలిపే తీసుకెళ్ళండి" అని, ఒక్క గేరు ధరకే మొత్తం కూర్పు గోనెగుడ్డలో చుట్టి ఇచ్చాడు. చుట్టేముందు వలయం అంచున ఉన్న పాత గీటును ఆయనకు చూపించాడు. దానికి ఎదురు గీటు మా హౌసింగు మీదే ఉండిపోయింది కాబట్టి, ఏది పైకి రావాలో సిగరెట్టు పెట్టె అట్ట మీద బొమ్మ గీసి, మీ మేస్త్రికి ఇవ్వండని ఆ మూటలోనే దోపాడు.